పదహారు చాలదన్నాను

మొన్న వైశాలి నగర్‌లో నా రిపేరు దుకాణానికి ఒక కాలేజీ అమ్మాయి పాత ల్యాప్‌టాప్ పట్టుకొని వచ్చింది. తెలుగువాళ్ళ పిల్లే, కాని మూడు మాటలు తెలుగులో మొదలెట్టి నాలుగో మాటకి హిందీలోకి జారిపోయే రకం. "అంకుల్, చాలా స్లో అయిపోయింది. ర్యామ్ ఎనిమిదే ఉంది. పదహారు డల్వా లూఁ క్యా?" పదహారు వేయించుకోనా అని అడిగింది. రోజుకి నలుగురు అడిగే ప్రశ్నే. జవాబు నాలుక చివర తయారుగా ఉంటుంది, దాని పక్కనే ఒక వేళాకోళం కూడా ఉంటుంది. కాని ఆ రోజు పదహారు అన్న అంకె చెవిన పడగానే స్క్రూడ్రైవరు చేత్తో పట్టుకొని అలాగే నిలబడిపోయాను. ఆ పిల్ల కాసేపు చూసి, "అంకుల్, మీరు కూడా హ్యాంగ్ అయిపోయారా?" అంది. మామూలుగా అలాంటి మాటలు నేను అనాలి, ఎదుటివాళ్ళు పడాలి. "దీంతో నువ్వు ఏం పని చేస్తావమ్మా?" అని మాత్రం అడిగాను. ఆ ప్రశ్న నేను నేర్చుకున్నది బళ్ళో కాదు, మా పిన్ని దగ్గర. ఫీజు ఆవిడ కట్టింది.

కొత్త రాష్ట్రం వచ్చి ఏడాదో రెండేళ్ళో అయిన రోజులవి. మధ్యప్రదేశ్‌లో పడుకొని ఛత్తీస్‌గఢ్‌లో లేచాం, టికెట్టు లేకుండా ఇంత దూరం వచ్చినవాళ్ళు మా వంశంలో ఇంకెవరూ లేరు అని కనబడ్డవాళ్ళందరికీ చెప్పేవాణ్ణి. సెక్టర్ 2లో ఉక్కు ప్లాంటువాళ్ళ క్వార్టరు మాది. నాన్న విజయనగరం నుంచి వచ్చి ప్లాంటులో క్రేను నడిపేవాడు. నేను ఎనిమిదో తరగతిలో చదువు మానేశాను. బడిని నేను వదిలానో, బడే నన్ను వదిలిందో తేలలేదు గాని, ఇద్దరం ఆ తర్వాత సుఖంగానే ఉన్నాం. రేడియోలతో మొదలెట్టి టీవీల దాకా వచ్చాను. కంప్యూటరు కూడా మూత తీస్తే టీవీకి వేలువిడిచిన తమ్ముడే కదా అన్న ధైర్యంతో దాని మీద కూడా చెయ్యి వేశాను. ట్రాన్స్‌ఫర్ మీద వెళ్ళిపోతూ ఒక ఆఫీసరుగారు తన పాత కంప్యూటరు నాకు అంటగట్టి వెళ్ళారు. అది మా ముందుగదిలో, బైబిలూ అమ్మ కుట్టు మిషనూ ఉండే బల్ల మీద, కుట్టు మిషను గుడ్డే కప్పుకొని కూర్చుంది. అందులో ఉన్న మెమరీ పదహారు ఎం.బి. ఎనిమిది ఒకటి, ఎనిమిది ఒకటి, రెండు పచ్చటి ముక్కలు, దువ్వెనల్లా పక్కపక్కన.

పిన్ని అంటే అమ్మ చెల్లెలు. వెనక లైన్లో ఉండేది. పిల్లల్లేరు. బాబాయి అంతకి ఆరేళ్ళ ముందు ప్లాంటు ఉద్యోగంలో ఉండగానే పోతే, ఆ లోటుకి బదులుగా ఆవిడకి ఒక ఆఫీసులో అటెండరు పని ఇచ్చారు. ఫైళ్ళు మొయ్యడం, మంచినీళ్ళు అందించడం, సాహెబు లేడని చెప్పడం. మనిషి సన్నగా, చురుగ్గా ఉండేది, కాని ఆయాసం. చలికాలం వస్తే ఆవిడ ఊపిరి వెనక లైను నుంచి మా వంటింటికి వినిపించేదని అమ్మ అనేది. ఆ ఏడు ఆవిడ ఆఫీసుని ఇంకో ఆఫీసులో కలిపేశారు, అటెండర్లు ఎక్కువయ్యారు. టైపింగు పరీక్ష పాసైనవాళ్ళు క్లర్కులుగా ఆఫీసులోనే ఉంటారు, కానివాళ్ళు సింటర్ ప్లాంటుకి పోవాలి అన్నారు. ఇనుప రాతి పొడిని నిప్పుల మీద ముద్ద కట్టే చోటు అది. అక్కడ పనిచేసి వచ్చినవాళ్ళ చొక్కా జేబులు దులిపితే ఎర్రటి దుమ్ము రాలుతుంది. పిన్ని ఆ కాగితం తెచ్చి అమ్మకి చూపించి, "అక్కా, ఆ దుమ్ములోకెళ్తే నేను ఎన్నాళ్ళో నిలబడను. ఈ పరీచ్చ ఎలగైనా గట్టెక్కాల" అంది. పరీక్షకి ఆరు వారాలుంది. మళ్ళీ ఇంకోసారి పెట్టరని ఆ కాగితంలోనే రాసి ఉంది.

ఆవిడకి టైపు రాకపోలేదు. మార్కెట్టు దగ్గర ఇన్‌స్టిట్యూట్‌లో టైపు మిషను మీద అంతకు ముందే నేర్చుకుంది. చిక్కల్లా ఏమిటంటే పరీక్ష ఆ మిషను మీద కాదు, కంప్యూటరు మీద. మిషను మీద లైను అయిపోగానే గంట మోగుతుంది, ఎడం చేత్తో మీట తోస్తే కాగితం వెనక్కి వస్తుంది. కంప్యూటరుకి గంటా లేదు, మీటా లేదు. అయినా పిన్ని ఎడం చెయ్యి మాత్రం లైను చివర దానంతట అదే లేచి గాలిని తోసేది. మొదటి రోజు ఆ తోపుకి అమ్మ పెట్టిన స్టీలు గ్లాసు ఎగిరి, టీ అంతా వెళ్ళి కుట్టు మిషను మీద పడింది. "పిన్నీ, కంప్యూటరుకి దిష్టి తీస్తన్నావేటి?" అన్నాను. నవ్వి నవ్వి ఆవిడకి దగ్గు వచ్చింది. అప్పట్నుంచి ఆవిడ టైపు కొడుతున్నంతసేపూ ఎడం పక్క ఖాళీగా ఉంచడం మా ఇంట్లో చట్టం అయింది.

పది రోజులు రోజూ డ్యూటీ అయ్యాక వచ్చి కూర్చుంది. పదో రోజుకి చెయ్యి లేవడం మానేసింది. ఉన్న ఇబ్బంది ఒక్కటే. ఆవిడ వేళ్ళు వడివడిగా పోయేవి, అక్షరాలు మాత్రం కాస్త ఆగి, తర్వాతి బస్సులో వచ్చినట్టు తెర మీదకి వచ్చేవి. నాకు అది నామోషీగా ఉండేది. నా చేతి కింద ఉన్న కంప్యూటరు అలా ఈడ్చుకుంటూ నడవడమేమిటి! పిన్నికి మాత్రం ఏ పట్టింపూ లేదు. తెర వంక చూడకుండా కాగితం చూస్తూ కొట్టుకుపోయేది. "రానీరా, ఎక్కడికి పోతాయి అచ్చరాలు" అనేది.

ఆ ఆదివారం తెలుగు చర్చి నుంచి వచ్చి కోడికూర తిన్నాక వసారాలో సభ పెట్టాను. విషయం: కంప్యూటరులో మెమరీ ఎంత ఉండాలి. సభ్యుల్లో కంప్యూటరు ముట్టుకున్నవాళ్ళం ఇద్దరమే, పిన్నీ నేనూ. మిగతావాళ్ళు అందుకేమీ వెనకాడలేదు. ఎవరి పనిలోంచి వాళ్ళు మాట్లాడారు. నాన్న క్రేను మీద నుంచి మాట్లాడాడు. "ఎత్తే బరువేటి? అది సూసి కొక్కెం తగిలించాల. ఐదు టన్నులెత్తడానికి యాభై టన్నుల క్రేను తెస్తావేటి? ఉన్నది ఎత్తుతంది కదా, ఒగ్గీ" అన్నాడు. అమ్మ అన్నయ్య, మా మావయ్య, రైల్వేలో గూడ్సు గార్డు. చరోడా యార్డులో సగం జీవితం గడిపాడు. ఆయన తల అడ్డంగా ఊపి, "బావా, లోడు మీద బండి ఎక్కలేకపోతే ఎనకాల ఇంకో ఇంజను పెడతాం. పదహారు లాగలేకపోతే ఇంకో పదహారు. ముప్పై రెండు. ఇదే రూలు" అన్నాడు. నేను లేచి నిలబడి అరవై నాలుగు అన్నాను. ఎందుకు అరవై నాలుగు అంటే, పెట్టె దానికన్నా ఎక్కువ పట్టదేమోనని. పడితే ఇంకా చెప్పేవాణ్ణి.

పిన్ని అందరి మాటలూ విని ఒక్క మాట అడిగింది. "అయితే నా యేళ్ళు బేగి ఆడతాయేటి?"

ఆ సభలో అడగవలసిన ప్రశ్న అదొక్కటే. నేను దానికి జవాబు చెప్పాల్సింది పోయి జోకు చెప్పాను. "పిన్నీ, నీ వేళ్ళు ఇప్పుడు మావయ్య గూడ్సు బండి. ప్రతి సిగ్నలు దగ్గరా ఆగి బీడీ కాల్చుకుంటన్నాయి. రేపట్నుంచి సూపర్ ఫాస్టు!" అన్నాను. మావయ్యే ముందు నవ్వాడు. అమ్మ వంటింట్లోంచి నవ్వింది. నాన్న కూడా నవ్వు దాచుకోడానికి మీసం తుడుచుకున్నాడు. మా ఇంట్లో లెక్క అది, నవ్వించినవాడి మాటే నెగ్గేది. అరవై నాలుగు ఖాయమైంది.

మర్నాడు రెండు ముక్కలూ ఊడదీసి రుమాల్లో చుట్టుకొని పవర్ హౌస్ మార్కెట్టుకి వెళ్ళాను. అప్పటికే అవి పాతబడిపోయిన రకం. కొత్త కంప్యూటర్లలోకి పొడుగు ముక్కలు వచ్చేశాయి, ఈ పొట్టి రకం కావాలంటే పాత సామాన్లవాడి దగ్గర వెతుక్కోవాలి. ఒక దుకాణంలో ముప్పై రెండు ముక్క ఒకటి దొరికింది. "దూసరా పీస్ నాగ్‌పూర్ సే ఆ రహా హై భయ్యా, ఏక్ హఫ్తా," ఒక్క వారంలో రెండోది వస్తుందన్నాడు దుకాణం భయ్యా. నేనిచ్చిన పాత ముక్కలు రెండూ మార్పిడి కింద తీసుకుంటానన్నాడు. పాత చీరలిచ్చి స్టీలు గిన్నెలు పుచ్చుకునే ఇంట్లో పుట్టినవాణ్ణి. పాతది ఇవ్వకుండా కొత్తది తెస్తే ఏదో నష్టపోయినట్టు ఉంటుంది మాకు. బేరం బాగా కుదిరిందని ఈలేసుకుంటూ వచ్చాను. ఒకటే ముప్పై రెండు, పాత రెండూ కలిపితే పదహారు. ఒక్క ముక్కే ఇప్పటికే రెండింతలు కదా.

సాయంత్రం పిన్ని వచ్చి కూర్చుంది. ఎప్పటిలాగే కళ్ళు మూసుకొని చిన్న ప్రార్థన చేసుకుంది. నేను స్విచ్చి వేశాను. తెర నల్లగా ఉంది. లోపల నుంచి బీప్, బీప్, బీప్ అని ఒకటే కూత. తీశాను, తుడిచాను, వేశాను, పక్క గాడిలో పెట్టాను. కూత తప్ప ఇంకేమీ లేదు. "అలిగింది పిన్నీ. కొత్త కోడలు కదా, రేపటికి సర్దుకుంటాది" అన్నాను. పొద్దున్నే దుకాణానికి పరిగెత్తాను. భయ్యా నా వంక జాలిగా చూశాడు. "యే తో జోడీ మే లగ్తా హై. ఆప్‌కో మాలూమ్ నహీఁ థా?" ఈ రకం ముక్కలు జంటగా ఉంటేనే పనిచేస్తాయట, నీకు తెలీదా అన్నాడు. కొత్తవాటిలో ఒక్కటే చాలు, మరీ పాతవాటిలోనూ ఒక్కటే చాలు, ఈ నడిమి రకానికే ఆ నియమం. "మాలూమ్ థా, మాలూమ్ థా" అని నవ్వాను, తెలిసినట్టే. నా పాత ముక్కలు తిరిగి ఇచ్చెయ్యమన్నాను. నిన్న మధ్యాహ్నమే జాముల్ వాడెవడో వచ్చి పట్టుకుపోయాడన్నాడు.

సైకిలు వేసుకొని జాముల్ వెళ్ళాను. సిమెంటు ఫ్యాక్టరీ దగ్గర ఒక కాంట్రాక్టరు ఆఫీసులో మా రెండు ముక్కలూ కనబడ్డాయి, పక్కన ఇంకో ఇద్దరు తమ్ముళ్ళతో కలిసి హాయిగా పనిచేస్తున్నాయి. అక్కడి గుమస్తా మంచివాడు. టీ తెప్పించాడు, కుర్చీ వేశాడు, నా కథంతా విని "అరెరె" అన్నాడు. కాని కూలీల హాజరీ అంతా దాంట్లోనే ఉంది, అది ఒక్కరోజు ఆగినా జనం నా పీక మీద కూర్చుంటారు అన్నాడు. అతని మాటలో తప్పేమీ కనబడలేదు. టీ తాగి వచ్చేశాను.

అక్కణ్ణించి ఎదురుచూపులే. వారం అన్నది రెండు వారాలైంది. ఈ రోజు పార్సిల్ రైల్లో ఉంది అనేవాడు భయ్యా. ఏ రైల్లో అని మావయ్య అడిగితే ఆ పేరు మీద రైలే లేదన్నాడు. పిన్ని మళ్ళీ ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్ళింది, నాలుగు రోజులకే ఎడం చెయ్యి లేవడం మొదలెట్టింది, భయపడి మానేసింది. సుపేలా వైపు కంప్యూటరు అద్దెకిచ్చే కొట్టొకటి ఉంటే తీసుకెళ్ళాను. అరగంటకే బయటికి వచ్చేసింది. ఒక్కో కంప్యూటరుకీ చుట్టూ ప్లాస్టిక్ తెరలు కట్టి ఉన్నాయక్కడ. "ఆ తెరల ఎనకాల నలభయ్యేళ్ళ ఆడది ఏటి సేస్తందని అనుకుంటారురా జనం? నానింక రాను" అంది. చివరికి చర్చిలో ప్రార్థన మనవుల కాగితంలో రాసి ఇచ్చింది. ఆదివారం పాస్టరుగారు జబ్బులవాళ్ళ పేర్లన్నీ అయ్యాక కళ్ళజోడు సవరించుకొని, "మన సహోదరి కంప్యూటరుకి రెండో ముక్క దొరకాలని... ఆ ముక్క ఏటో ప్రభువుకే తెలుసు... ప్రార్థించుదాం" అన్నారు. ఆడవాళ్ళ వరసలో నలుగురు నిజంగానే కన్నీళ్ళు పెట్టుకున్నారు. నేను నవ్వు ఆపుకోలేక బయటికి వచ్చి చెప్పులు విడిచే చోట కూర్చున్నాను. అక్కడ కూర్చున్నాక నవ్వు రాలేదు.

పరీక్ష ఇంకా పన్నెండు రోజులుందనగా పిన్ని ఒక రోజు వచ్చి, "ఇప్పుడు దీని బాధేటి? సరిగ్గా సెప్పు" అంది. జంట లేకపోతే పనిచెయ్యదట అని చెప్పాను. ఆవిడ కంప్యూటరు మీద గుడ్డ తీసి, దాన్ని ఎగాదిగా చూసి, "జత లేకపోతే పన్జెయ్యదంటందా ఇది? మరి నాను సేస్తన్నాను కాదేటి, ఆరేళ్ళ నుంచి" అంది. అని ఆ నల్లటి తెర ముందే కూర్చుంది. "నువ్వు పేపరు సదువు, నాను కొడతాను."

ఆ పన్నెండు రోజులూ అలాగే జరిగింది. నేను ఇంగ్లీషు పేపరు చదివేవాణ్ణి. నా ఇంగ్లీషు ఎనిమిదో తరగతి దగ్గర దిగిపోయింది కాబట్టి పెద్ద మాటలు వస్తే దాటేసేవాణ్ణి. ఆవిడ టైపు కొడుతూనే, "మధ్యలో మాట మింగేసావేటిరా?" అనేది. ఆవిడ వేళ్ళు పరిగెత్తేవి. తెర మీద ఏమీ రాదు. తప్పు కొట్టిందో ఒప్పు కొట్టిందో ఆవిడకీ తెలీదు, నాకూ తెలీదు. బయట నుంచి చూసినవాళ్ళకి మాత్రం చాలా బాగా సాగుతున్నట్టుండేది.

పరీక్ష రోజు మావయ్య లూనా మోపెడ్డు మీద కూర్చోబెట్టి తీసుకెళ్ళాను. గది బయట వేపచెట్టు కింద నిలబడ్డాను. ఇంకా మొదలవకుండానే లోపల ఒక కంప్యూటరు లేవలేదు. ప్యూను బయటికి వచ్చి, "కోయీ మిస్త్రీ హై క్యా?" రిపేరు చేసేవాడెవడైనా ఉన్నాడా అని అరిచాడు. నేను వెళ్ళాను. వైరు వదులైంది, నొక్కి పెట్టాను. స్విచ్చి వేస్తే తెర మీద అంకెలు పరిగెత్తాయి. అప్పటి కంప్యూటర్లు లేవగానే తమలో మెమరీ ఎంతుందో తెర మీద లెక్కపెట్టి చూపించేవి. లెక్క పదహారు దగ్గర ఆగింది. అప్పుడే స్విచ్చి వేసిన పక్కదాని వంక చూశాను. పదహారు. అవతలిది పదహారు. గదినిండా మా ఇంట్లోదాని అన్నదమ్ములే, ఆ రంగే, ఆ ఆకారమే. మూడో వరసలో పిన్ని కూర్చొని కళ్ళు మూసుకొని ఉంది. నన్ను బయటికి పంపించేశారు.

కిటికీలోంచి చూస్తూ ఉన్నాను. ఆవిడ మొదలెట్టింది. అక్షరాలు ఎప్పట్లాగే తర్వాతి బస్సులో వస్తున్నాయి. మొదటి పది రోజుల పిన్ని అయితే వాటి వంక చూసేదే కాదు. కాని పన్నెండు రోజులు ఏమీ రాని తెర ముందు కూర్చున్న మనిషికి, ఇప్పుడు తెర మీద ఏదో వస్తుంటే చూడాలనిపించదూ? చూసింది. నొక్కిన అక్షరం కనబడలేదు. పడలేదేమో అనుకొని మళ్ళీ నొక్కింది. అప్పుడు రెండూ వచ్చాయి. తుడిచింది. తుడుపు కూడా ఆలస్యంగా వచ్చి, పక్కనున్న మంచి అక్షరాన్ని పట్టుకుపోయింది. "చూడకు పిన్నీ" అని లోపలికి అరవాలనిపించింది. వేపచెట్టు కిందకి వెళ్ళి నిలబడ్డాను.

లిస్టులో పేరు లేదు. సింటర్ ప్లాంటుకి పొమ్మని కాగితం వచ్చింది. రెండో ముక్క పరీక్షైన మూడు వారాలకి వచ్చింది. దుకాణం భయ్యా కబురు పంపిస్తే వెళ్ళి తెచ్చి వేశాను. అరవై నాలుగు దాకా చకచకా లెక్కపెట్టింది. పిన్నిని పిలిచాను, ఎందుకు పిలిచానో నాకే తెలీదు. డ్యూటీ నుంచి వచ్చిన మనిషి, కనుబొమల మీద ఎర్రటి పొడి ఇంకా పోలేదు. గుమ్మంలోనే నిలబడి చూసి, "బాగా లెక్కెడతంది" అంది. లోపలికి రాలేదు. కాళ్ళకి దుమ్ముంది, ఇల్లు పాడవుద్దంది. ఆ తర్వాత ఆ కంప్యూటరు ముందు ఎప్పుడూ కూర్చోలేదు.

ఆరేళ్ళు చేసింది అక్కడ. ముక్కుకి తడిగుడ్డ కట్టుకొని వెళ్ళేది. మొదట్లో చలికాలం ఒక్కటే ఉన్న ఆయాసం తర్వాత అన్ని కాలాలకీ వచ్చింది. డాక్టర్లు ఇంక పనికి పనికిరాదని రాసిచ్చి ఇంటికి పంపేశారు. క్వార్టరు ఖాళీ చేసి మా ఇంటికే వచ్చింది. నేను జోకులు వేస్తూనే ఉన్నాను. నవ్వితే దగ్గు వస్తుందని అమ్మ నన్ను కసిరేది. అలా ఏడాది గడిచాక ఒక మధ్యాహ్నం, అమ్మ లేనప్పుడు, నాకు ఉండబట్టక చెప్పేశాను. పరీక్ష గదిలో అన్నీ పదహారేనని. మన పాతది అలాగే ఉంచి ఉంటే నువ్వు పాసయ్యేదానివని. నాన్న చెప్పింది వినకుండా జోకు వేసి అందరినీ ఒప్పించింది నేనేనని. తిడుతుందనుకున్నాను. ఏం ఫర్వాలేదులేరా అంటుందని కూడా లోలోపల ఆశపడ్డాను.

పిన్ని తన వేళ్ళ వంక చూసుకుంది. దేవుడు రాసింది అలా ఉంది, నా యేళ్ళే మొద్దువి అని ఇన్నేళ్ళూ అనుకొని ఆవిడ నిమ్మళంగా ఉందని నాకు అప్పుడు తెలిసింది. "ఇప్పుడు సెప్పావేటిరా" అంది. "తెలీనప్పుడే బాగుండీది." అని అటు తిరిగి పడుకుంది. ఆ పై వానాకాలంలో పోయింది. ఆ మాట ఇంకోసారి మా మధ్య రాలేదు.

ముక్క మూడు వారాలు ఆలస్యంగా వచ్చింది. నా మాట ఏడేళ్ళు ఆలస్యంగా వచ్చింది. ఆ పరీక్ష రోజు ఒక్కటే ఆలస్యం చెయ్యలేదు. చెప్పిన తేదీకే వచ్చింది, మా పని అయిందా లేదా అని ఎవరినీ అడగలేదు, సాయంత్రం అవగానే వెళ్ళిపోయింది.